పుట్టినప్పటి పేరు

అక్క సంచి సర్దుకుంటుంటే చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. చూడడమంటే ఊరికే చూడడం కాదు. అక్క ఒకటి లోపల పెడితే చెల్లెలు రెండు బయటికి తీసి, మళ్ళీ మడతపెట్టి, వేరేచోట దూరుస్తోంది. ఆ సంచి అక్క తన చేత్తో కుట్టుకున్నదే. ఎవరి సోఫాకో తొడుగులు కుట్టగా మిగిలిన మందపాటి గుడ్డ. అడుగున రెండు పొరలు వేసి, బరువుకి తెగకుండా పట్టీలు కిందనుంచి చుట్టుకొచ్చేలా కుట్టింది. కుట్టిన రోజున, ఇందులో నిన్ను కూర్చోబెట్టి ఊరంతా తిప్పొచ్చే అని చెల్లెల్ని ఆటపట్టించింది. ఇప్పుడు ఆ సంచిని మంచం మీదనుంచి కిందికి దించడానికి మధ్యలో ఒకసారి ఆగి, మంచంకోడు పట్టుకుని, ఊపిరి కూడదీసుకోవలసి వస్తోంది.

దుప్పటి ఎందుకు, ఆసుపత్రిలో దుప్పట్లు ఉండవా అని అక్క అడిగింది. ఉంటాయి గానీ ఎవరెవరు కప్పుకున్నవో అని చెల్లెలు గొణిగింది.

"నేను కప్పుకున్నది తర్వాత ఎవరు కప్పుకుంటారో అని వాళ్ళు భయపడాలి గానీ, నాకేం భయమే," అంది అక్క.

చెల్లెలికి నవ్వు రాలేదు. ఆమెకి యాభై దాటాయి, ఆసుపత్రిలో పేరున్న ఉద్యోగం, కళ్ళకి రెండు జతల అద్దాలు. అయినా ఆ ఇంట్లో ఆమె ఇంకా చిన్నదే. ఎవరు ఊరికి బయల్దేరినా కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంది. పక్క వీధికి బొత్తాలు కొనడానికి వెళ్ళినా అక్క తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గరే. అలాంటిది ఈ గురువారం అక్క నగరానికి వెళుతోంది, మూడు నెలలపాటు.

అక్క దర్జీ. రెండేళ్ళుగా ఆమె ఊపిరితిత్తులు తోలులా గట్టిపడుతున్నాయి. పోయిన వానాకాలం నుంచి మిషను తొక్కలేకపోతోంది. మోటారు పెట్టించుకోమంటే, కాలు కదలని కుట్టు కుట్టేంటని వినలేదు. చేతిసూదితో బొత్తాలు కుడుతూ, అంచులు మడుస్తూ ముందు గదిలో కూర్చుంటుంది. మిషను మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఇక్కడి డాక్టర్లు ఇంక చేయగలిగింది లేదని చెప్పేశారు. నగరంలో పెద్దాసుపత్రిలో మాత్రం ఇంకా దుకాణాల్లోకి రాని కొత్త మాత్ర ఒకటి కొద్దిమందికి ఇచ్చి చూస్తున్నారు. ఆ కొద్దిమందిలో అక్కకి చోటు దొరికింది. అక్కడే ఉండి వాళ్ళ కళ్ళముందే వేసుకోవాలి.

చెల్లెలు మిషను మీది పెద్ద కత్తెర తెచ్చి సంచిలో పెట్టబోయింది, అక్కడ పొద్దు పోవాలి కదా అని. అక్క దాన్ని బయటికి తీసి, లేచి వెళ్ళి, గోడకున్న మేకుకి తగిలించింది. ఆ నాలుగడుగులకి కూడా ఆయాసపడింది.

"అది ఇక్కడే ఉండనీ. పనిముట్టున్న చోటికే పనివాడు తిరిగొస్తాడు."

ఆ మాటతో చెల్లెలి మనసు కాస్త కుదుటపడింది. సంచి పక్క అరలో మడిచి పెట్టిన కాగితాన్ని బయటనుంచే ఒకసారి తడిమింది. ఆ కాగితాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు చదివిందో. ముప్పైయేళ్ళ వయసులో అక్కకి పచ్చకామెర్లు వచ్చి, కాలేయం బాగా దెబ్బతిని, నెలల తరబడి మంచం పట్టింది. అలాంటి మనిషి ఈ మాత్ర వేసుకోవచ్చా అన్నదే ప్రశ్న. వెతికినంతలో కాలేయానికి గట్టి ప్రమాదం కనిపించలేదనీ, మామూలుగా చేసే రక్తపరీక్షలు చాలనీ ఆ కాగితంలో జవాబు ఉంది. రాసింది చెల్లెలు కాదు. ఆసుపత్రిలో ఆమె ఎదురు కుర్చీలో కూర్చునే, అందరూ జల్లెడ అని పిలిచే ఆవిడ.

*

ఆసుపత్రి మేడ మీద చివరి గదిలో ఆ ఇద్దరి పని. మందుల సమాచార గది అంటారు. ఫలానా మందు గర్భిణికి ఇవ్వొచ్చా, ఈ రెండు మాత్రలు కలిస్తే ఏమవుతుంది, ఈ దద్దుర్లు ఏ మందు పుణ్యం అని వార్డులనుంచి డాక్టర్లూ నర్సులూ అడుగుతారు. ప్రపంచం నలుమూలలా అచ్చయిన వైద్య పరిశోధనలన్నిటినీ సూచీ కట్టి పెట్టిన డేటాబేసులు ఉంటాయి. అందులో వెతికి, దొరికినవి చదివి, వీళ్ళు జవాబు రాసిస్తారు. ఇద్దరూ ఫార్మసీ చదివినవాళ్ళే. ఇరవయ్యేళ్ళుగా ఒకే గది, ఒకే కిటికీ, ఒకే ఫ్లాస్కు. ఏ ప్రశ్న ఇచ్చినా తాలు తప్ప తక్కింది పోనివ్వదని పాత సూపరింటెండెంటు ఆమెకి జల్లెడ అని పేరు పెట్టాడు. ఆయన రిటైరై వెళ్ళిపోయాడు గానీ పేరు ఉండిపోయింది.

ఆ గదికి ఎవరూ గోడమీద రాయని కట్టుబాటు ఒకటుంది. మనవాళ్ళ ప్రశ్న మన చేత్తో వెతకకూడదు. ప్రేమ ఉన్నచోట వెతుకులాట వంకర పోతుంది. పోతారేమోనన్న భయం ఉంటే ప్రమాదాలే కనిపిస్తాయి, బతకాలన్న ఆశ ఉంటే అద్భుతాలే కనిపిస్తాయి. అందుకని జల్లెడ తల్లి ప్రశ్న పోయినేడు చెల్లెలు వెతికింది. చెల్లెలి అక్క ప్రశ్న ఈ ఏడు జల్లెడ వెతికింది.

సోమవారం పొద్దున పిల్లల వార్డు కొత్త డాక్టరు ఒకతను మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఒక మూర్ఛ మందు గురించి తనే వెతుక్కున్నాడట, ఏమీ దొరకలేదట. ఏమని వెతికావు బాబూ అని జల్లెడ అడిగింది. అతను వెతికే గడిలో కొట్టిన వాక్యం చెప్పాడు. పొడుగాటి వాక్యం, చివర ప్రశ్నార్థకంతో సహా.

"అది డేటాబేసు నాయనా, మీ అమ్మమ్మ కాదు," అంది జల్లెడ. "కథంతా చెబితే వినదు. ముక్కలు చేసి పెట్టాలి."

కుర్చీ దగ్గరకి లాగి చూపించింది. రోగి ఎవరు, మందు ఏది, దేనితో పోలుస్తున్నాం, ఏం తెలియాలి. ఒక్కో ముక్కకి ఒక్కో మాట. ఒక్కో మాటకి దాని చుట్టాలన్నీ, అంటే అదే అర్థమున్న మాటలన్నీ, మధ్యలో 'లేదా' పెట్టి. ఆ గుంపునీ ఈ గుంపునీ 'మరియు'తో ముడివెయ్యాలి. డేటాబేసు తనకి తాను పెట్టుకున్న శీర్షికలు కూడా కలపాలి, ఎందుకంటే రాసినవాడు వాంతి అని రాస్తే సూచీ కట్టినవాడు ఇంకో పేరు పెడతాడు. ఫలితాలు వేలల్లో వచ్చాయని కంగారుపడి, ఉచితంగా దొరికేవే చూపించమని గడిలో టిక్కు పెట్టకూడదు. మనకి కావలసింది ఎప్పుడూ ఊరికే దొరకనిదాంట్లోనే ఉంటుంది. అతను బుద్ధిగా తలాడించాడు.

"ఇంకొకటి. మందుకి మూడు పేర్లుంటాయి. పుట్టినప్పటి పేరు, బడి పేరు, సంతలో పేరు. కంపెనీలో పుట్టినప్పుడు రెండక్షరాలూ నాలుగంకెలూ కలిపి ఒక నంబరు పెడతారు. పెద్దదయ్యాక శాస్త్రీయంగా ఒక పేరు. అమ్మేటప్పుడు డబ్బా మీద ఇంకో పేరు. మూడూ వెయ్యి. పుట్టినప్పుడు చేసిన అల్లరి బడి పేరు కింద దొరకదు."

ఆ ముక్క చెల్లెలు ఎన్నోసార్లు విన్నదే. ఎదురు బల్ల దగ్గర ఏదో చదువుకుంటూ సగం చెవితో వింటోంది. విన్న కాసేపటికి ఆమె చెయ్యి దానంతటదే సొరుగు లాగింది. అక్క ప్రశ్నకి జల్లెడ రాసిన జవాబు నకలు ఒకటి అందులో ఉంది. తమ గదినుంచి వెళ్ళే ప్రతి జవాబు కిందా వెతకడానికి వాడిన మాటలన్నీ చిన్న అక్షరాల్లో రాస్తారు, కావాలంటే ఇంకొకరు అదే దారిలో నడిచి చూసుకోవచ్చని. ఇన్నిసార్లు చదివినా ఆమె ఆ చిన్న అక్షరాల దాకా ఎప్పుడూ పోలేదు. ప్రమాదం లేదన్న దగ్గరే కళ్ళు ఆగిపోయేవి.

జబ్బుకి ఉన్న పేర్లన్నీ ఉన్నాయి. కాలేయానికి సంబంధించిన మాటలన్నీ ఉన్నాయి. మాత్రది బడి పేరు ఉంది. సంతలో పేరు ఇంకా పెట్టనే లేదు, అది సరే. పుట్టినప్పటి పేరు లేదు.

నడిచే కాలే జారుతుంది, అనుకుంది మొదట. జల్లెడకి ఆ వారం తలనొప్పి, పైగా పని ఎక్కువ. మరిచిపోయుంటుంది. నొచ్చుకోకుండా ఎలా చెప్పాలా అని కూడా ఆలోచించింది. డాక్టరు వెళ్ళిపోయాడు. జల్లెడ వార్డు సమావేశానికి వెళుతూ, ఫ్లాస్కులో నీకూ ఉంచాను తాగు అని చెప్పి తలుపు దగ్గరగా వేసింది.

చెల్లెలు కాసేపు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కట్టుబాటు గుర్తొచ్చింది. ఆ కట్టుబాటు ఎందుకు పెట్టుకున్నారో కూడా గుర్తొచ్చింది. తర్వాత అద్దాలు మార్చుకుని కీబోర్డు ముందుకు లాక్కుంది.

కంపెనీ వాళ్ళు మొదట రాసిన వ్యాసం ముందుమాటలో ఆ నంబరు దొరికింది. అక్షరాలకీ అంకెలకీ మధ్య ఖాళీ లేకుండా కొట్టింది. ఏమీ రాలేదు. ఖాళీ ఉంచి కొట్టింది, ఏవో పనికిరానివి వచ్చాయి. మధ్యలో చిన్న గీత పెట్టి కొట్టింది.

వచ్చినవి కొన్నే. మందుకి ఇంకా పేరు పెట్టని రోజుల్లో, ఇంకేదో జబ్బుకి వాడి చూసినప్పటివి. ఎలుకలమీదివి వదిలేసి మనుషుల మీదివి తెరిచింది. ఒకదాని సారాంశం రెండుసార్లు చదివింది. అంతకుముందు కాలేయం జబ్బు చేసి నయమైనవాళ్ళని విడిగా లెక్కగట్టారు. వాళ్ళలో చాలామందికి మళ్ళీ కాలేయం చెడింది. మందు ఆపితే కొందరు తేరుకున్నారు. ఒకరు తేరుకోలేదు.

సారాంశం ఒక్కటే కనిపిస్తోంది, వ్యాసం మొత్తం కనిపించడం లేదు. అలాంటివి కావాలంటే వైద్య కళాశాల లైబ్రరీకి ఫోను చెయ్యాలి. అక్కడి లైబ్రేరియన్ని అందరూ పుస్తకాలాయన అంటారు. చెల్లెలు వ్యాసం పేరు చదివి వినిపించింది. అవతల కాసేపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"ఇది మొన్ననే పంపానుగా అమ్మా మీ గదికి," అన్నాడు ఆయన. "ఆవిడే అడిగింది, అర్జంటని. అప్పుడే పోగొట్టుకున్నారా?"

*

జల్లెడ తిరిగొచ్చేసరికి ఫ్లాస్కు మూత కూడా తియ్యకుండా అలాగే ఉంది. తెర మీద ఆ సారాంశం ఉంది. చెల్లెలు దాన్ని మూసెయ్యలేదు. ఇంటిదొంగని పట్టడం ఈశ్వరుడి వల్ల కూడా కాదంటారు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

జల్లెడ తెర వైపు చూసింది, ఫోను వైపు చూసింది. చేతిలో ఫైలు బల్ల మీద పెట్టింది గానీ కూర్చోలేదు.

"పుస్తకాలాయనతో మాట్లాడావా," అంది.

"మరిచిపోయావేమో అనుకున్నాను," అంది చెల్లెలు. "నీకు ఎలా చెప్పాలా అని సిగ్గుపడుతూ కూర్చున్నాను ఇంతసేపూ. నువ్వు నొచ్చుకుంటావని."

ఆ తర్వాత జల్లెడ చెప్పినదాంట్లో దాపరికం ఏమీ లేదు. చెల్లెలు అక్క ఎక్స్‌రేలు తీసుకురావడానికి సెలవు పెట్టి వెళ్ళిన రోజున అక్క ఈ గదికి వచ్చింది. లిఫ్టు ఆ రోజు పనిచెయ్యడం లేదు. మెట్లన్నీ ఎక్కొచ్చి, ఇదే కుర్చీలో కూర్చుని, చాలాసేపు మాట్లాడలేకపోయింది. మాట వచ్చాక తన ప్రశ్నకి జవాబు ఏమిటని అడిగింది. అప్పటికే ఆ వ్యాసం వచ్చి ఉంది. జల్లెడ ఒక్క వాక్యం వదలకుండా తెలుగులో చదివి వినిపించింది. అక్క అంతా విని, ఆ తేరుకోని ఒక్కరూ ఆడమనిషా మగమనిషా అని అడిగింది. అందులో రాయలేదని జల్లెడ చెప్పింది. సరే, ఇది మా చెల్లికి చూపించకండి అని అక్క లేచింది.

"చూపించకండి అంటే? నువ్వు కింద సంతకం పెట్టావు."

"పెట్టాను. వెతికినంతలో అని రాశాను."

"వెతికినంతలో," అంది చెల్లెలు. ఆ మాట నోట్లో తిప్పుకుంటే ఎంత నున్నగా ఉందో తెలిసింది. అబద్ధం కాదది. అబద్ధమైతే దాన్ని పట్టుకుని నిలదీయొచ్చు. జల్లెడ కన్నాలు కాస్త పెద్దవి చేసిందంతే.

"నా ముందే ఆ పిల్లాడికి పాఠం చెప్పావు కదే పొద్దున. మూడు పేర్లూ వెయ్యమని. నీకు నోరెలా వచ్చింది?"

జల్లెడ కిటికీ వైపు తిరిగింది. అటే చూస్తూ మాట్లాడింది.

"పోయినేడు మా అమ్మ ప్రశ్న నువ్వే వెతికావు. ఏదీ వదల్లేదు. నాలుగు పేజీలు. అవి పట్టుకుని నేను డాక్టరుకి ఆ మందు వద్దని చెప్పేశాను. అమ్మ మంచం మీదే ఉంది, తెలివిగానే ఉంది. ఆవిడని ఎవరూ అడగలేదు. పోయేముందు ఒకసారి అంది, నాకేదో మందుందన్నారు, అది రాలేదా అని. మీ అక్క అడగడానికి మెట్లెక్కి వచ్చింది. ఆవిడకి చెప్పాను. కామెర్ల సంగతి అక్కడి డాక్టర్లకి కూడా చెప్పమన్నాను. చెబుతానని మాటిచ్చింది."

ఇరవయ్యేళ్ళు ఎదురెదురుగా కూర్చున్న మనిషి వీపు వైపు చూస్తూ, ఇంతకాలం తను ఎవరి పక్కన కూర్చుని టీ తాగిందా అనుకుంది చెల్లెలు. అద్దాలు సంచిలో వేసుకుని, సెలవు చీటీ కూడా రాయకుండా బయల్దేరింది.

ఇంటికి వచ్చేసరికి అక్క ముందు గదిలో వెలుతురుకి ఎదురుగా కూర్చుని ఎవరిదో నర్సు గౌనుకి అంచు మడుస్తోంది. చిన్నదాని మొహం చూడగానే సూది ఆగింది. ఆగి, మళ్ళీ నడిచింది.

"ఆవిడ చెప్పేసిందా?"

"ఆవిడ చెప్పలేదు. నేనే వెతుక్కున్నాను."

"అదీ అనుకున్నాలే. కొండని తవ్వైనా ఎలకని పడతావు నువ్వు."

చెల్లెలు నిలబడే అడిగింది. "వాళ్ళకి కామెర్ల సంగతి చెప్పావా అక్కా?"

అక్క దారాన్ని ముడి వేసి, పంటితో కొరికి తెంపింది. "ఫోనులో అడిగారు. లేదన్నాను."

చెల్లెలికి అరవాలనిపించింది. అరిస్తే అక్క సమాధానం చెప్పడానికి ఊపిరి పెట్టి మాట్లాడాలి, ఆ ఊపిరి లేదు. అందుకని గొంతు తగ్గించి, ఒకరు తేరుకోలేదట అని మాత్రం అంది. తెలుసు అంది అక్క. నా నోట వినకుండా ఆవిడ నోట విన్నావు అంది చెల్లెలు. నువ్వైతే వినిపించేదానివా, సంచి విప్పేసేదానివి కాదూ అంది అక్క.

"నేను గేటు దాటితే చాలు, ఊళ్ళో లారీలన్నీ నాకోసమే వస్తున్నాయనుకుంటావే నువ్వు. నీ వెతుకులాట అంతా నన్ను ఆపడానికే. నేను ఆగడానికి నాకు అదేం అక్కర్లేదు, ఎలాగూ ఆగిపోతున్నాను." అక్క మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది. మిషను వైపు చూపించింది. "ఒక్క గౌను కుట్టాలనుంది. కాలితో తొక్కి, మొదటి కుట్టునుంచి చివరి కుట్టు దాకా, మధ్యలో ఆగకుండా. ఆ మాత్ర వేసుకున్నవాళ్ళలో కొందరు మెట్లెక్కుతున్నారట. అది కూడా చదివింది ఆవిడ."

"మరి నేను?"

"నువ్వేంటి?"

నువ్వు పోతే నేను కిటికీ దగ్గర ఎవరికోసం నిలబడాలి అన్నది మాటల్లో పెడితే చిన్నపిల్ల మాటలా ఉంటుంది. తమ ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఏదీ దాగలేదనుకుంది ఇన్నాళ్ళూ. అక్క తనని కాదని, ఒగరుస్తూ ఆ మెట్లన్నీ ఎక్కి, పరాయిదాని ముందు కూర్చుందే. అది తలుచుకుంటే ఆ తేరుకోని ఒక్కరి సంగతి కంటే కూడా ఎక్కువగా మండింది.

అక్క సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టి, అరచెయ్యి చాచింది. వేళ్ళ చివర్లు గట్టిపడి, ఉంగరం వేలికి సూదిపోట్ల మచ్చలున్న చెయ్యి.

"వాళ్ళకి చెప్పనని చెయ్యి వెయ్యి."

చెల్లెలు ఆ చేతి వైపు చాలాసేపు చూసి, తన చెయ్యి అందులో వేసింది.

*

బుధవారం చెల్లెలు ఎప్పటికంటే ముందే గదికి వచ్చింది. మొదటినుంచీ మళ్ళీ వెతికింది. అన్ని పేర్లతో, గీత పెట్టి, పెట్టకుండా, ఖాళీతో. జబ్బు మాటలూ కాలేయం మాటలూ ముడివేసింది. పుస్తకాలాయన పంపిన వ్యాసాన్ని జల్లెడ అడక్కుండానే సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. దాన్ని చెల్లెలు పట్టికలతో సహా చదివింది. తర్వాత తమ గదినుంచి వెళ్ళే జవాబులు ఎలా ఉంటాయో అలాగే రాసింది. రోగి వయసు, కామెర్లు వచ్చిన ఏడు, మంచం పట్టిన కాలం, దొరికిన ఆధారం, దాని బలం, దాని లోపం. కింద చిన్న అక్షరాల్లో వాడిన మాటలన్నీ. ఆ కింద సంతకం. ఎక్కడా వంకర లేదు.

నగరంలో ఆసుపత్రికి ఫోను కలిపినప్పుడు జల్లెడ గదిలోనే ఉంది. అవతల డాక్టరమ్మ మర్యాదగా విన్నది. రోగి ఈ సంగతి చెప్పలేదే అని ఆశ్చర్యపడింది. జవాబు కాగితం వెంటనే పంపమనీ, రోగి వచ్చాక తామే మాట్లాడతామనీ, చాలా మేలు చేశారనీ చెప్పింది. చెల్లెలు కాగితం పంపించి వచ్చి కూర్చుంది.

"మాటిచ్చావా ఆవిడకి?" అంది జల్లెడ.

"ఇచ్చాను."

"నేనూ ఇచ్చాను," అంది జల్లెడ. తన తెర వైపు తిరిగి టైపు చేసుకోవడం మొదలుపెట్టింది.

గురువారం పొద్దున బస్టాండులో అక్క హుషారుగా ఉంది. కిటికీ పక్క సీటు దొరికింది. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుంది, పైన పెట్టించుకోలేదు. చెల్లెలు నీళ్ళ సీసా అందించి, రోజూ వేసుకునే మాత్రలు ఏ అరలో ఉన్నాయో మళ్ళీ చెప్పి, కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. కండక్టరు ఇద్దరినీ చూసి, ఎక్కేది ఎవరో దిగేది ఎవరో తేల్చుకోండమ్మా అన్నాడు. అక్క నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు తగ్గాక చెల్లెలి చెయ్యి మీద చెయ్యి వేసింది.

"నిన్నంతా భయపడ్డానే. చెప్పేస్తావేమోనని," అంది నెమ్మదిగా. "నిన్ను అనుమానించాను. ఏమీ అనుకోకు."

చెల్లెలు ఏమీ అనుకోలేదని తలూపింది. బస్సు కదిలాక కూడా ఊచ పట్టుకున్నట్టే చెయ్యి గాల్లో ఉండిపోయింది.

శనివారం ఫోను వచ్చింది. అవతల మొదట మాట లేదు, ఊపిరి చప్పుడు మాత్రమే. ఆ ఊపిరిని చెల్లెలు ఎక్కడున్నా గుర్తుపడుతుంది. చివర సన్నగా ఈల వేసినట్టుంటుంది.

"నాకు కామెర్లు ఏ ఏడు వచ్చాయో నాకే గుర్తులేదే. వాళ్ళకి తెలుసు," అంది అక్క. "చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. కాగితం చూపించారు. కింద నీ సంతకం ఎంత చక్కగా ఉందో."

"ఇంటికి వచ్చెయ్ అక్కా. నేనొచ్చి తీసుకొస్తాను."

"ఆ జల్లెడావిడే నయం," అంది అక్క. "ఆవిడ నాకు చెప్పి నీ దగ్గర దాచింది. నువ్వు నా చేతిలో చెయ్యి పెట్టి వెళ్ళి రాశావు." ఆ తర్వాత ఫోను పెట్టేసింది.

నగరంలో అక్కకి కుట్టుపని నేర్చుకున్న నాటి స్నేహితురాలు ఒకతె ఉంది. ఆమె ఇంట్లో దిగింది. చెల్లెలు ఆ ఇంటికి మూడుసార్లు వెళ్ళింది. ఒకసారి పడుకుందన్నారు, ఒకసారి ఇంట్లో లేదన్నారు. మూడోసారి స్నేహితురాలు గుమ్మం దాటి వచ్చి తలుపు వెనకనుంచి దగ్గరగా లాగి, మీరు ఊరికే శ్రమపడకండి అంది. లోపల ఈల లాంటి ఊపిరి వినిపించింది. నెల తిరక్కుండా ఎవరో ఒకాయన ఆటో కట్టించుకుని ఇంటికి వచ్చి, మీ అక్కగారు మిషను కావాలన్నారనీ, దాంతోపాటు గోడకున్న కత్తెర కూడా తెమ్మన్నారనీ చెప్పాడు. చెల్లెలు మిషను మీది గుడ్డ దులిపి మళ్ళీ కప్పి, తాడుతో కట్టింది. కత్తెరని మేకు నుంచి తీసి, కొసలు గుచ్చుకోకుండా పాత కాగితాల్లో చుట్టి ఇచ్చింది.

మేడ మీద చివరి గదిలో ఇద్దరూ ఇంకా ఎదురెదురుగానే కూర్చుంటారు. జల్లెడ రెండు కప్పుల్లో టీ పోస్తుంది. ఒకటి చల్లారిపోతుంది. వార్డుల ప్రశ్నలు వస్తాయి, జవాబులు వెళతాయి, అన్ని పేర్లతో. మనవాళ్ళదని ఇంకొకరి చేత వెతికించుకోవలసిన ప్రశ్న చెల్లెలికి మళ్ళీ రాలేదు.

అక్క ఆ గురువారం పొద్దున బస్సెక్కి వెళ్ళింది. ఆ మాత్ర ఒక్కటీ మింగలేదు. మరుసటి ఏడు వానలు మొదలైన వారంలో, మంగళవారం మధ్యాహ్నం, ఆ స్నేహితురాలి ఇంట్లోనే పోయింది. ఇంటికి తిరిగి రాలేదు.